క్రియోన్ కుర్చీలో కూర్చోబెట్టండి

తరగతి గదిలో బల్లలన్నీ గోడవారకు జరిగాయి. మధ్యలో ఒకే ఒక్క కుర్చీ. అందులో కూర్చున్న కుర్రాడు ఈ పీరియడ్ ముగిసేదాకా ప్రాచీన గ్రీకు విషాద నాటకం ‘యాంటిగొనీ’లోని థీబ్స్ నగర రాజు క్రియోన్. తోటి విద్యార్థులు చుట్టూ నిలబడి ప్రశ్నలు అడుగుతున్నారు. మొదట్లో నవ్వులు, గుసగుసలు. ఇంతలో ఒక అమ్మాయి అడిగింది: ‘ముందు ఆ పిల్లను గుహలోంచి విడిపించు, తర్వాత శవాన్ని పూడ్చు అని పెద్దలు చెప్పారు. మీరు ముందు శవం దగ్గరికి ఎందుకు వెళ్లారు?’ కుర్రాడికి జవాబు తోచలేదు. పుస్తకం తెరిచాడు. అతడితోపాటు గదిలో అందరూ తెరిచారు.

ఏ పాఠశాలలోనైనా సాధ్యమయ్యే దృశ్యమిది. దీనికి రంగస్థలం అక్కర్లేదు, దుస్తులు అక్కర్లేదు, ఖర్చు అసలే లేదు. అయినా ప్రాచీన విషాద నాటకాలు హైస్కూలు విద్యార్థులకు చేరే తీరు ఇలా ఉండటం లేదు. కవి కాలం, కథా సంగ్రహం, పాత్ర చిత్రణ, ముఖ్యమైన ప్రశ్నలు, జవాబులు. ‘యాంటిగొనీ ధైర్యశాలి, క్రియోన్ అహంకారి’ అని రాస్తే మార్కులు పడతాయి. అంత మాత్రం తెలుసుకోవడానికి నాటకమే చదవనక్కర్లేదు. విషాద నాటకాన్ని పాత్రధారణ ద్వారా, అంటే విద్యార్థులే పాత్రలై మాట్లాడటం ద్వారా నేర్పాలన్నది మా అభిప్రాయం. అందులోనూ, తమకు నచ్చని పాత్రలో వారిని కూర్చోబెట్టాలి.

గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన ‘యాంటిగొనీ’నే తీసుకుందాం. క్రీ.పూ. 441 ప్రాంతంలో ఏథెన్స్‌లో ప్రదర్శించిన నాటకమిది. సింహాసనం కోసం అన్నదమ్ములిద్దరూ ఒకరి చేతిలో ఒకరు చనిపోయారు. నగరం తరఫున నిలిచిన ఎటియోక్లీస్‌కు సకల గౌరవాలతో అంత్యక్రియలు, పరాయి సేనను వెంటబెట్టుకుని సొంత ఊరి మీదికి వచ్చిన పోలినైసీస్ శవం మాత్రం కుక్కలకు, గద్దలకు వదిలేయాలని కొత్తగా గద్దెనెక్కిన మేనమామ క్రియోన్ ఆజ్ఞ. దాన్ని మీరితే మరణదండన. తోబుట్టువు యాంటిగొనీ వెళ్లి శవం మీద పొడి మట్టి చల్లింది. పట్టుబడ్డ ఆమెను క్రియోన్ బతికుండగానే గుహలో మూయించాడు. మిగిలిన కథంతా ఆ మట్టి చుట్టూనే.

పాత్రలు ఎంచుకోమంటే సగం తరగతి యాంటిగొనీనే కావాలంటుంది. పదిహేనేళ్ల వయసులో అది సహజం. కానీ ఆమె పక్షాన నిలబడటానికి విద్యార్థికి పెద్ద శ్రమ ఉండదు, ఎందుకంటే ముగింపు ఏమిటో ముందే తెలుసు, ఎవరిది తప్పో నాటకమే తేల్చేసింది. క్రియోన్‌గా నిలబడటమే కష్టం. శత్రుసేన పారిపోయింది నిన్న రాత్రే. నగరం కాలి బూడిద కాకుండా బయటపడింది నిన్న రాత్రే. ఊరి మీదికి దండెత్తి వచ్చినవాడికీ, ఊరి కోసం ప్రాణమిచ్చినవాడికీ ఒకే మర్యాద ఇస్తే బతికున్నవాళ్లు ఏమనుకుంటారు? దేశద్రోహులను తమ నేలలో పూడ్చిపెట్టకూడదన్న నియమం ఏథెన్స్‌లోనూ ఉండేది. అంటే క్రియోన్ తొలి మాటలు విన్న ఆనాటి ప్రేక్షకుడు వెంటనే అతణ్ని దుర్మార్గుడిగా లెక్కగట్టి ఉండడు. సరిగ్గా ఈ చోట పుస్తకం మూయించి, ‘ఇప్పుడు నువ్వు రాజువి, ఏం చేస్తావు?’ అని అడగాలి. తర్వాతి పేజీ తెలియని స్థితిలో విద్యార్థి తీసుకునే నిర్ణయం విలువైనది. ఆ నిర్ణయం క్రియోన్ నిర్ణయంలాగే ఉంటే మరీ మంచిది. విషాదం అంటే చెడ్డవాడికి శిక్ష పడటం కాదని, సమర్థించుకోగలిగిన మాటతోనే పతనం మొదలవుతుందని ఆ విద్యార్థికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

నాటకం సుమారు 1,350 పంక్తులు. యాంటిగొనీ రంగం మీద నుంచి శాశ్వతంగా నిష్క్రమించాక ఇంకా 400 పంక్తులకు పైగా మిగులుతాయి. ఆ పంక్తులు చాలావరకు క్రియోన్ చుట్టూనే తిరుగుతాయి. తప్పు తెలుసుకున్నాడు, దిద్దుకోవడానికి పరుగెత్తాడు, అయినా ఆలస్యమైంది. ముందు శవానికి స్నానం చేయించి, దహనం చేసి, మట్టిదిబ్బ పోసి, ఆ తర్వాతే గుహ వైపు నడిచాడు. ఎందుకలా? దేవతల కోపానికి భయపడ్డాడా? బతికున్న పిల్ల మొహం చూడటం చచ్చినవాడి అంత్యక్రియలు జరిపించడం కన్నా కష్టమనిపించిందా? నాటకకర్త చెప్పలేదు. మౌనంగా చదివే కళ్లు ఆ చోట ఆగవు. కుర్చీలో కూర్చున్నవాడు మాత్రం ఆగి తీరాలి.

ఇక తండ్రీకొడుకుల ఘట్టం. మాకు దీని మీద మక్కువ ఎక్కువే, దాచుకోవడం లేదు. యాంటిగొనీతో పెళ్లి నిశ్చయమైన క్రియోన్ కొడుకు హేమన్, తండ్రి దగ్గరికి వస్తాడు. నేను నీ మాట వినేవాణ్నే నాన్నా అనే ధోరణిలో ఎంతో వినయంగా మొదలుపెడతాడు. వరదలో వంగిన చెట్టు కొమ్మలతో సహా నిలుస్తుందని, ఎదురు నిలిచిన చెట్టు వేళ్లతో కొట్టుకుపోతుందని అంటాడు. తెరచాప తాడు సడలించని పడవ బోల్తా పడుతుందంటాడు. ఆమెను వదిలేయమని సూటిగా అడగడు; ఊరి జనం ఏమనుకుంటున్నారో చెబుతాడు. తండ్రి చెవిన పడేది మాత్రం ఒక్కటే: నా కొడుకు నాకు పాఠం చెబుతున్నాడు. కాసేపటికి పొడుగాటి మాటలు పోయి పంక్తికి పంక్తి, దెబ్బకు దెబ్బ. చివరికి కొడుకు విసురుగా వెళ్లిపోతాడు. కౌమారంలో ఉన్నవారికి ఈ గొడవ గురించి ఒకరు చెప్పాలా? ఇద్దరిద్దరిగా నిలబెట్టి ఈ ఘట్టం చదివించండి. తర్వాత పాత్రలు మార్చి మళ్లీ చదివించండి. మాట ఎక్కడ తిరగబడిందో వేలుపెట్టి చూపించమనండి. ఒకరు చూపిన పంక్తి ఇంకొకరు చూపించరు. ఆ తగువులోనే పాఠం ఉంది.

పాత్రధారణ పేరుతో మూలాన్ని పక్కన పెట్టేస్తారన్న భయం కొందరు ఉపాధ్యాయులకు ఉంది. అది న్యాయమైన భయం. అందుకే ఒక్క నియమం చాలు: పాత్ర చెప్పే ప్రతి జవాబుకూ నాటకంలో ఆధారం చూపాలి. యాంటిగొనీ, హేమన్ ఈ నాటకంలో ఒక్కసారి కూడా ఎదురుపడరు. వారి మధ్య ప్రేమ సంభాషణ రాయించాలన్న కోరిక ఏ తరగతిలోనైనా పుడుతుంది. రాయించకండి. వాళ్లిద్దరినీ ఎందుకు కలపలేదో మాట్లాడించండి.

సిగ్గరి పిల్లల సంగతేమిటని అడుగుతారు. వారికోసమే అన్నట్టు కావలివాడు ఉన్నాడు. శవం మీద ఎవరో మట్టి చల్లారన్న కబురు ఎవరు మోసుకెళ్లాలో చీటీ వేసుకుంటే తన వంతు వచ్చింది. దారిలో ఆగుతూ, వెనక్కి తిరుగుతూ వచ్చానని అతడే చెప్పుకుంటాడు. తర్వాత యాంటిగొనీని పట్టుకొచ్చినప్పుడు ఆమె మీద జాలీ, తాను బయటపడ్డానన్న ఊరటా రెండూ అతడి నోటే వింటాం. రాజు, తిరగబడ్డ మనిషి కాకుండా మధ్యలో నలిగే మనుషులు ఎలా ఉంటారో చూపే పాత్ర అది. ఉపాధ్యాయులే ఈ పాత్ర తీసుకుంటే ఇంకా బాగుంటుంది. ఉపాధ్యాయుడు చిన్న పాత్రగా మారి తరగతిని లోపలి నుంచి నడిపించే పద్ధతికి బ్రిటన్‌లో డొరతీ హీత్‌కోట్ దశాబ్దాల కిందటే బలమైన దారి వేశారు. ఆడ పాత్ర అమ్మాయికే, మగ పాత్ర అబ్బాయికే అన్న పట్టింపూ వద్దు. ఏథెన్స్‌లో ముఖాలకు తొడుగులు పెట్టుకుని ముగ్గురంటే ముగ్గురు మగ నటులే మాట్లాడే పాత్రలన్నీ పోషించారు.

ఎదుటి పక్షం పాత్ర ధరించడం ఎంత లోతైన పనో చెప్పడానికి దక్షిణాఫ్రికాలోని రాబెన్ ద్వీపం చెరసాల చాలు. అక్కడి ఖైదీలు ఈ నాటకం ఆడినప్పుడు నెల్సన్ మండేలా వేసింది క్రియోన్ వేషం.

సమయం ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు ఉంది. నాటకమంతా ఆడించమని ఎవరూ అడగడం లేదు. రెండు ఘట్టాలు, మూడు పీరియడ్లు చాలు. అసలు అడ్డంకి ప్రశ్నపత్రమే. ‘క్రియోన్ స్వభావాన్ని వివరించండి’ అని ఏటేటా అడిగినంత కాలం ఏ ఉపాధ్యాయుడూ బల్లలు జరిపే సాహసం చేయడు. ‘క్రియోన్ వెనక్కి తగ్గగలిగిన క్షణాలు ఎన్ని? ఏ పంక్తుల్లో?’ అని అడిగి చూడాలి. దీనికి బట్టీ జవాబు ఉండదు. పరీక్షలు నిర్వహించేవారు ముందు ఇక్కడ కదలాలి. ఉపాధ్యాయ శిక్షణలోనూ దీన్ని ఉపన్యాసంగా చెప్పి వదిలేయకుండా, శిక్షణకు వచ్చినవారినే ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి.

ఒక జాగ్రత్త విషయంలో మాత్రం రాజీ కూడదు. ఈ నాటకంలో యాంటిగొనీ, హేమన్, రాణి యూరిడిసీ ముగ్గురూ ప్రాణాలు తీసుకుంటారు. ఆ సంగతులను కౌమార వయసువారితో నటింపజేయకూడదు. గ్రీకు నాటకకర్తలే ఇందుకు దారి చూపారు: గుహలో ఏం జరిగిందో మనకు చెప్పేది ఒక వార్తాహరుడు. తరగతిలోనూ అక్కడ నటన ఆపి ఆ భాగాన్ని ఉపాధ్యాయులే చదవాలి. ఆ తర్వాత మాట్లాడేందుకు సమయం మిగల్చాలి. ఇంట్లో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్న పిల్ల ఆ గదిలో ఉండొచ్చు. నాకు ఈ పాత్ర వద్దు అన్నవారిని కారణం అడగకూడదు.

చివరి పది నిమిషాలు పాత్రలు విప్పడానికి కేటాయించాలి. కుర్చీలోంచి లేచిన కుర్రాడు తన సొంత పేరు చెప్పుకుని, క్రియోన్ అన్న మాటల్లో తాను ఒప్పుకోనిది ఏదో, తనకు తెలియకుండానే ఒప్పుకున్నది ఏదో చెప్పాలి. మిగతావారు అతణ్ని అతడి పేరుతోనే పిలవాలి. ఆ కబుర్లు ముగిశాకే బల్లలు మళ్లీ వరసలోకి రావాలి.