ఏలియన్స్ దొరికితే క్రైస్తవం పని అయిపోయినట్టేనా?

"వేరే గ్రహం మీద ప్రాణి కనబడిన రోజే క్రైస్తవం ముగిసిపోతుంది. బైబిల్లో వాటి ఊసే లేదు. వేరే లోకాలున్నాయన్నవాణ్ణి చర్చి తగలబెట్టింది. అయినా యేసు ఎన్ని గ్రహాల మీద సిలువ ఎక్కాలి?" సోషల్ మీడియాలో తెగ షేర్ అవుతున్న వాదన ఇది. విశ్వాసిగా దీనికి జవాబు చెప్పాలనిపించింది.

బైబిల్లో ఊసు లేదన్నది నిజమే. బృహస్పతి ఉపగ్రహాల ఊసూ లేదు. 1610లో గెలీలియో వాటిని చూశాడని ఎవరి విశ్వాసమూ కూలిపోలేదు. ఆదికాండం మొదటి అధ్యాయంలో నక్షత్రాలన్నిటికీ కలిపి దక్కింది ఒక్క మాట. ఆ పుస్తకం ఖగోళ జాబితా ఇవ్వడానికి కూర్చోలేదు.

ఇక తగలబెట్టడం. 1600 ఫిబ్రవరి 17న రోమ్‌లో ఇటలీ తత్వవేత్త జోర్డానో బ్రూనోను సజీవంగా కాల్చారు. అది ఘోరం, దాన్ని ఏ రకంగానూ సమర్థించను. అనేక లోకాలున్నాయన్న మాట కూడా ఆయన మీది అభియోగాల్లో ఉంది. కానీ త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని), క్రీస్తు దైవత్వాన్ని కాదన్నాడన్నవీ ఉన్నాయి. అంతకు ముందే, 1440లో, జర్మనీకి చెందిన చర్చి పండితుడు నికొలస్ ఆఫ్ కూసా వేరే నక్షత్రాల మీదా నివాసులుంటారని రాశాడు. ఆయన్ని కాల్చలేదు సరికదా, 1448లో కార్డినల్‌ని, అంటే పోప్ తర్వాతి స్థాయి పెద్దని, చేశారు.

అసలు బరువున్న ప్రశ్న సిలువదే. దీన్ని 1794లో, క్రైస్తవాన్ని విమర్శించిన రచయిత థామస్ పెయిన్ గట్టిగా అడిగాడు. కానీ విశ్వాసులు అంతకన్నా మూడు వందల ఏళ్ల ముందే అడిగారు. 1463లో చనిపోయిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి గియోమ్ ద వోరుయాన్, వేరే లోకంలో మనుషులుంటే వాళ్లు ఆదాము సంతతి కారు కాబట్టి ఆయన పాపం వాళ్లకు అంటదన్నాడు. ఆ లోకాలను విమోచించడానికి కూడా క్రీస్తు ఇక్కడ మరణించడమే చాలు, మళ్లీ అక్కడికి వెళ్లి చనిపోనక్కర్లేదన్నాడు. 13వ శతాబ్దంలోనే క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ దేవుని కుమారుడు తలుచుకుంటే మరో మానవ స్వభావాన్ని కూడా ధరించగలడని వాదించాడు. 2008లో వాటికన్ అబ్జర్వేటరీ డైరెక్టర్ ఫాదర్ ఫ్యూనెస్, యేసు ఉపమానంలోని తప్పిపోయిన ఒక్క గొర్రె మనమే కావచ్చు, మిగతావాళ్లు దేవునితోనే ఉండిపోయి ఉండవచ్చు అన్నారు. నాకు వోరుయాన్ మాటే సబబనిపిస్తుంది. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు, సిలువ ద్వారా భూలోకంలో ఉన్నవాటినీ పరలోకంలో ఉన్నవాటినీ సమస్తాన్నీ దేవుడు తనతో సమాధానపరచుకున్నాడంటాడు.

ఇంకో సంగతి. మనిషి కాని బుద్ధిజీవులున్నారని క్రైస్తవులు మొదటినుంచీ నమ్ముతూనే ఉన్నారు, దేవదూతలు. క్రీస్తు దేవదూతల స్వభావాన్ని ధరించలేదని హెబ్రీ పత్రిక రెండో అధ్యాయం నేరుగా చెబుతుంది. అందువల్ల సువార్తకు ఏ ఇబ్బందీ రాలేదు.

"ఇంత విశ్వంలో ఈ దుమ్ము రేణువును దేవుడు పట్టించుకుంటాడా?" అన్నదానికి గ్లాస్గో బోధకుడు థామస్ చామర్స్ 1817లో ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. టెలిస్కోప్ వచ్చిన కాలంలోనే మైక్రోస్కోప్ కూడా వచ్చింది, కంటికి ఆనని పురుగులో కూడా ఆయన పనితనం కనబడింది కదా అన్నాడు.

మన విశ్వాసులకూ ఒక మాట. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం 1995లో దొరికింది. ఇప్పుడు వేరే నక్షత్రాల గ్రహాలు ఐదు వేలు దాటాయి, జీవం మాత్రం ఇంకా ఎక్కడా కనబడలేదు. దాన్ని పట్టుకుని "భూమి మీద తప్ప దేవుడు ఇంకెక్కడా జీవాన్ని పెట్టడు" అని పల్పిట్ మీంచి తీర్పు చెప్పకండి. అనేక లోకాలను దేవుడు చేయలేడు అనే వాదాన్ని పారిస్ బిషప్ తప్పుడు బోధగా ఖండించింది 1277లో.