గ్లాసుల లెక్క

2024 జూన్ 29, శనివారం. బార్బడోస్‌లో ఇండియాకీ దక్షిణాఫ్రికాకీ టీ20 వరల్డ్ కప్ ఫైనల్. మనకి రాత్రి ఎనిమిదికి మొదలు. ఉన్నవాటిలో మా టీవీయే పెద్దదని కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళని మా ఫ్లాట్‌కే రమ్మన్నాను. పిలిచేశాక మా ఆవిడకి చెప్పాను. ముందు ఆవిడకి చెప్పి తర్వాత పిలవాల్సిందని ఆవిడ మొహం చూశాక అర్థమైంది.

"ఎంతమంది?"

"పద్నాలుగు."

"గ్లాసులున్నాయా?"

బజ్జీల గురించి అడుగుతుందనుకున్నాను. వాటిని సందు చివర బండివాడికి చెప్పేశాను. గ్లాసుల సంగతే ఆలోచించలేదు. వెంటనే కాగితం తీసి లెక్క మొదలుపెట్టాను. రాగానే మజ్జిగ, ఆటలో కూల్ డ్రింక్, ఇన్నింగ్స్ బ్రేక్‌లో టీ. మనిషికి మూడు చొప్పున 42 గ్లాసులు. రెండు లీటర్ల సీసా 200 మి.లీ. గ్లాసులకి నిండా పోస్తే పదొస్తుంది, మర్యాదగా ఒక వేలు తగ్గించి పోస్తే పన్నెండు దాకా వస్తుంది.

మా ఆవిడ కాగితం చూసి, "మధ్యలో కడగడమని ఒక పని ఉందండీ. మీకు పరిచయం లేదు గానీ" అంది.

షోకేసులో మా పెళ్ళికొచ్చిన ఆరు గాజు గ్లాసుల సెట్టుంది. పదకొండేళ్ళయినా అడుగున స్టిక్కర్ ఊడలేదు. అవి మూలవిరాట్టులు, కదలవు. రోజువారీ సేవలకి వంటింట్లో ఉత్సవ విగ్రహాలు వేరే ఉన్నాయి: కాఫీపొడి అయిపోయాక మిగిలిన సీసాలు రెండు, సబ్బుపొడి ప్యాకెట్‌తో ఫ్రీగా వచ్చినవి మూడు. ఏ రెండూ ఒక ఎత్తులో ఉండవు.

ఆ రోజుకి మూలవిరాట్టుల్నే కదిలించాను. కడిగి, తుడిచి, చోటు కలిసొస్తుందని ఒకదాంట్లో ఒకటి పెట్టాను. పైరెండూ ఇరుక్కుపోయాయి. తిప్పాను, లాగాను, సబ్బునీళ్ళు పోశాను. ఊహూఁ.

దీనికో చిట్కా ఉంది. గాజు వేడికి వ్యాకోచిస్తుంది, చల్లదనానికి ముడుచుకుంటుంది. లోపలి గ్లాసులో ఐసునీళ్ళు పోసి, బయటి గ్లాసుని గోరువెచ్చటి నీళ్ళలో నిలబెడితే లోపలిది కాస్త సన్నబడి, బయటిది కాస్త సాగి, రెండూ విడిపోతాయి. చిట్కా నాకు బాగానే గుర్తుంది, ఏది లోపలో ఏది బయటో తప్ప. లోపల మరిగే నీళ్ళు పోసి, ఐసు గిన్నెలో నిలబెట్టాను.

"టిక్" అని చిన్న చప్పుడు. విడిపోయాయనుకుని సంతోషించాను. విడిపోయిన మాట నిజమే, ముక్కలుగా.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

నాలుగూ అయిదూ తొమ్మిది. కింద కిరాణా షాపుకి పరిగెత్తాను. ప్లాస్టిక్ గ్లాసుల్ని 2022 జూలై నుంచీ నిషేధించారు, అడగలేను. పేపర్ గ్లాసులడిగితే, "మ్యాచ్ కదా సార్, మధ్యాహ్నానికే ఖాళీ" అన్నాడు. మనకన్నా ముందే లెక్కలు వేసుకునేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు.

ఇక దిక్కు అటక. గోనెసంచి దించితే అందులో స్టీలు గ్లాసులు, మా అమ్మా నాన్నల పెళ్ళి నాటివి. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేర్లు, 1983 అని సంవత్సరం. ఒకదాని మీద మా పెదనాన్న పేరు, ఇంకోదాని మీద ఎవరో "బంధుమిత్రులు". చింతపండు పెట్టి తోమితే తళతళలాడాయి. పగలవు, ఇరుక్కున్నా నేలకేసి కొట్టొచ్చు. ఇంత మంచి సరుకుని అటకెక్కించి గాజుని షోకేసులో కూర్చోబెట్టింది ఎవరో అడుగుదామనుకుని, ఆ పూట నా పరపతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

అంతా సాఫీగానే నడిచింది. ఆఖరి ఓవర్‌కి వాళ్ళకి 16 పరుగులు కావాలి. హార్దిక్ మొదటి బంతి, మిల్లర్ ఎత్తి కొట్టాడు. బౌండరీ దగ్గర సూర్యకుమార్ పట్టి, గాల్లోకి విసిరి, గీత దాటి, మళ్ళీ లోపలికొచ్చి పట్టాడు. పద్నాలుగు మందీ ఒక్కసారిగా లేచారు. ఖణేల్‌మని స్టీలు మోత. ఒక గ్లాసు దొర్లుకుంటూ వెళ్ళి పైఫ్లాట్ ఆవిడ కాళ్ళ దగ్గర ఆగింది.

కాలు తాడుకి తగిలిందా లేదా అని టీవీలో రీప్లే. అందరి కళ్ళూ అటే. ఆవిడ మాత్రం గ్లాసు లైటు వైపు ఎత్తి, తిప్పి తిప్పి చూస్తోంది.

"అన్నయ్యగారూ, ఇది మా అమ్మ పేరు కదండీ!"

థర్డ్ అంపైర్ అవుటిచ్చాడు. అంతా కేకలు. ఆ కేకల మధ్యే ఆవిడ మా ఆవిడతో, "మూడేళ్ళ కిందట ఉగాది పచ్చడి పంపాను చూడు వదినా, ఆ గ్లాసే. మా ఇంట్లో పనమ్మాయిని అనుమానించాను పాపం" అంది.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను టీవీ వైపు చూశాను.

"దీంతోపాటు మూత గిన్నె ఒకటి రావాలి వదినా. మెల్లగానే వెతుకు, తొందరేం లేదు."