రాత్రి చేసిన చట్టం పొద్దున చెల్లదు

ఉదయపు దినచర్య అనే మహత్తర శాసనం ఎప్పుడూ రాత్రి పదకొండు దాటాకే ఆమోదం పొందుతుంది. ఆ వేళకు కడుపు నిండి ఉంటుంది, ఒంటి మీద దుప్పటి ఉంటుంది, ఫోన్లో ఎవరో కండలు తిరిగిన ఆసామి తెల్లవారుజామున నాలుగున్నరకే చన్నీళ్ళ తొట్టిలో దిగుతుంటాడు. అది చూసి మనలోని రాత్రి మనిషి అప్పటికప్పుడు సభ తీరుస్తాడు. అయిదింటికి లేవాలి. లీటరు నీళ్ళు, ఇరవై నిమిషాల ధ్యానం, అరగంట వ్యాయామం, పది నిమిషాల డైరీ, ఇరవై పేజీల పుస్తకం, ఆపైన చన్నీళ్ళ స్నానం. ప్రతిపక్షం లేదు కనక తీర్మానం ఏకగ్రీవం. ఇదంతా అమలు చేయాల్సిన పొద్దుటి మనిషిని మాత్రం సభకు ఎవరూ పిలవరు.

అమలు బాధ్యత అలారాలది. 5:00, 5:05, 5:10, 5:30, 6:50. మొదటి నాలుగూ ఉత్సవ విగ్రహాలే. లేచేది అయిదోదానికేనని మోగే ఫోనుకూ తెలుసు, ఆపే వేలికీ తెలుసు. ఈ ఏర్పాటు వల్ల సాధించేది ఏమిటంటే, ఆఖరి రెండు గంటల నిద్ర ముక్కలవుతుంది, పని గంటలు మాత్రం ఒక్క నిమిషం పెరగవు. అలారాన్ని కాసేపు వాయిదా వేసే స్నూజ్ మీట ఉన్న గడియారం అమెరికాలో 1956లోనే బజారుకొచ్చింది. పొద్దుటి మనిషి అప్పీలు హక్కు సాధించుకుని చాలా కాలమైందన్నమాట. ఆ హక్కును రాత్రి మనిషి ఇంకా గుర్తించినట్టు లేదు.

ఇక బడ్జెట్ చూద్దాం. నీళ్ళకు అయిదు నిమిషాలు, ధ్యానానికి ఇరవై, వ్యాయామానికి ముప్ఫై, డైరీకి పది, పుస్తకానికి ముప్ఫై, స్నానానికి పది. మొత్తం గంటా నలభై అయిదు నిమిషాలు. కాగితం మీద 6:45కల్లా మనిషి ఋషి అయిపోతాడు. అయితే చాప పరవడం, పెన్ను వెతకడం, చెమట ఆరడం, బాత్రూమ్ తలుపు ముందు నిలబడి 'ఇంకెంతసేపు?' అని అడగడం ఏ పద్దులోనూ లేవు. పనికీ పనికీ మధ్య అయిదేసి నిమిషాలు వేసుకున్నా ఆరు పనులకు అయిదు సందులు, అంటే ఇంకో ఇరవై అయిదు నిమిషాలు. పైగా లీటరు నీళ్ళు గడగడా తాగినవాడి ధ్యానం ఇరవై నిమిషాలు ఏకధాటిగా సాగదు. కారణం వివరించనక్కర్లేదు. ఒక్క గ్లాసు చాలు.

తన పని ఎంతసేపు పడుతుందో మనిషి తక్కువగానే అంచనా వేస్తాడని మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో తేల్చింది. 1994లో వచ్చిన ఒక పరిశోధనలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో పూర్తవుతుందన్నారు. పట్టింది 55 రోజుల పైనే. అందుకని మొదటి మూడు రోజులు దినచర్య జోలికే పోకుండా గడియారం మాత్రం చూడండి. స్నానం 'పది నిమిషాలు' అని ప్రమాణం చేసేవారికి తువ్వాలు వెతుక్కోవడంతో కలిపి ఇరవై రెండు పట్టవచ్చు. రాసుకోవాల్సింది ఆ ఇరవై రెండే.

నాలుగోరోజు లెక్క వెనకనుంచి మొదలుపెట్టాలి. ఇల్లు దాటాల్సింది 8:30కి అనుకుందాం. స్నానం, బట్టలు కలిపి ముప్ఫై నిమిషాలు, టిఫిన్ ఇరవై, తాళాలూ బ్యాగూ పది, ఏదో ఒకటి తప్పక చెడుతుంది కనక దానికి పదిహేను. అక్కడికి 7:15 అయింది. మీకంటూ పదిహేను నిమిషాలు కావాలంటే ఏడింటికి లేవాలి. ఏడున్నర గంటల నిద్రకు రాత్రి పదకొండున్నరకు కన్ను మూతపడాలి. పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. అదే పదకొండున్నరకు పడుకుని అయిదింటికి లేస్తే దక్కేది అయిదున్నర. తక్కువపడింది మధ్యాహ్నం మీటింగులో కునికిపాట్ల రూపంలో వసూలవుతుంది.

పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ దినపట్టికను అందరికీ పంపేవాళ్ళు అందులో ఉదయం అయిదింటి గడిని గుండ్రంగా చుడతారు. రాత్రి పదింటికే నిద్ర అన్న గడి మీద వాళ్ళ కన్ను పడదు. తాను పెట్టుకున్న నియమాల్లో అన్నింటికన్నా ఇబ్బంది పెట్టింది క్రమబద్ధతేనని ఆ పెద్దాయనే రాసుకున్న సంగతి అసలే చెప్పరు. జర్మన్ తత్వవేత్త కాంట్ కూడా అయిదింటికే లేచేవాడు. కానీ ఆయనను లేపడానికి లాంపె అనే నౌకరు ఉండేవాడు. మాజీ సైనికుడు. అయ్యగారు ఎంత బతిమాలినా మళ్ళీ పడుకోనివ్వకూడదని అయ్యగారి ముందస్తు ఆజ్ఞ. మాజీ సైనికుడు అందుబాటులో లేనివారు ఫోనును మంచానికి నాలుగడుగుల అవతల చార్జింగుకు పెట్టుకోవచ్చు. అలారం ఒక్కటే ఉండాలి.

ఆ నాలుగడుగులూ వేశాక మనిషి లేచినట్టే కనిపిస్తాడు గానీ, మెదడు తేరుకోవడానికి పదిహేను నుంచి ముప్ఫై నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా ఏ నిర్ణయం అతని ముందు పెట్టినా 'పడుకో' అనే తీర్పు వస్తుంది. అందుకే ఏ బట్టలు, ఏ వ్యాయామం, ఏ పుస్తకం అనేవి రాత్రే తేలిపోవాలి. గ్లాసులో నీళ్ళు, కుర్చీ మీద బట్టలు, తెరిచిన పేజీ. రాత్రి మనిషికి అంత ఉత్సాహం ఉంటే ఆ చాకిరీ అతనే చేయాలి, ఉపన్యాసం తగ్గించి.

తర్వాత వెలుతురు. వెలుతురును కొలిచే ప్రమాణం లక్స్. ఇంట్లో బల్బు కింద సాధారణంగా అది కొన్ని వందలు మించదు. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వేలల్లో ఉంటుంది. పొద్దుటి వెలుగు పడితే ఒంట్లోని గడియారం ముందుకు జరిగి రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. పది నిమిషాలు బయట నిలబడితే చాలు, వ్యాయామ దుస్తులు అక్కర్లేదు. సాయంత్రం కాఫీ ఈ ఏర్పాటును చెడగొడుతుంది. అయిదింటికి తాగిన కెఫీన్లో సుమారు సగం పదింటికి కూడా ఒంట్లో తిరుగుతూనే ఉంటుంది. లేచే సమయాన్ని ముందుకు జరపాలంటే మూడు నాలుగు రోజులకోసారి పదిహేను నిమిషాలు చాలు. సెలవు రోజున గంటకు మించి ఆలస్యంగా లేస్తే సోమవారం మళ్ళీ మొదటికొస్తుంది. రాత్రి షిఫ్టు వారికి ఉదయమంటే లేచినప్పుడే. చంటిపిల్లలున్నవారి మీద ఈ చట్టం వర్తించదు.

డైరీ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మొదటి రోజు పేజీన్నర, కృతజ్ఞతలు, రెండు రంగుల ఇంకులు. మూడోరోజు నాలుగు వాక్యాలు, అందులో ఒకటి నిద్ర చాలలేదని. ఆరోరోజు తేదీ ఉంది, దాని కింద అందమైన గీత ఉంది. ఆ తర్వాత ఖాళీ పేజీలు, మధ్యలో ఒకచోట మందుల చీటీ లెక్క. మూణ్ణాళ్ళ ముచ్చటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కొత్త పని ఒక్కటే పెట్టుకోవాలి, అదీ పాత పనికి తగిలించాలి: 'పళ్ళు తోముకోగానే అయిదు నిమిషాలు ఒళ్ళు సాగదీస్తాను' అన్నట్టు. 'పొద్దున వ్యాయామం చేస్తాను' అంటే ఏ పొద్దునో ఎవరికీ తెలియదు. జ్వరం తగిలిన రోజుకూ బంధువులు దిగిన రోజుకూ రెండు నిమిషాల రూపం ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుందనే నమ్మకాన్నీ రాత్రి మనిషే ప్రచారం చేస్తుంటాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు చూసినప్పుడు మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదనీ అందులోనే తేలింది. కానీ ఒకరోజు తప్పగానే రాత్రి పదకొండున్నరకు అత్యవసర సమావేశం పెట్టి, శిక్షగా లేచే సమయాన్ని నాలుగున్నరకు మార్చేయడం ఆనవాయితీ. కొత్త నిబంధన ప్రకారం పదకొండు దాటాక సభకు కోరం ఉండదు. తప్పిన మర్నాడు చేయాల్సింది ఆ రోజు అయిదు నిమిషాలే. నిన్నటి బాకీ వసూలు చేసే శాఖ రద్దయింది.