కొండ దిగువనే ఆగిన 50వ అధికరణం

మన న్యాయవ్యవస్థ ఒకే నిచ్చెన. అడుగున జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, ఆ పైన జిల్లా కోర్టు, హైకోర్టు, చివరన సుప్రీంకోర్టు. కేంద్రం చేసిన చట్టమైనా, రాష్ట్రం చేసినదైనా ఈ కోర్టులే విచారిస్తాయి. కింది కోర్టులపై అజమాయిషీని రాజ్యాంగం 235వ అధికరణం ద్వారా హైకోర్టుకు అప్పగించింది. కార్యనిర్వాహక వర్గం నుంచి న్యాయవ్యవస్థను వేరు చేయాలన్న 50వ అధికరణం ఆదేశిక సూత్రమే, అంటే కోర్టుకెక్కి అమలు చేయించుకోలేనిదే అయినా, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ జుడీషియల్ మేజిస్ట్రేట్లను ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ల నుంచి విడదీయడంతో మైదాన ప్రాంతంలో అది చాలావరకు నెరవేరింది. విజయనగరం కోర్టులో భూమి దావా వేసిన రైతు, తన కేసు వింటున్న జడ్జి తహసీల్దారు పైఅధికారి కాడన్న ధీమాతో ఉండవచ్చు. వాయిదాల సంగతి వేరే కథ.

2022 దాకా విజయనగరం జిల్లాలోనే ఉన్న కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో ఆ ధీమా నిలవదు. 1839లో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టర్లను ‘ఏజెంట్లు’గా పెట్టి వారి చేతికిచ్చింది. ఏజెన్సీ అన్న మాట అక్కడిదే. నేటికీ షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు వర్తించే గిరిజన ప్రాంతంలో, గిరిజనుల భూమి అన్యాక్రాంతమైతే, జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ (1970 నాటి 1వ రెగ్యులేషన్) అని పిలిచే భూ బదలాయింపు చట్టం కింద ఆ కేసును మొదట వినేది స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. అప్పీలు ఏజెంటు హోదాలోని అధికారికి, రివిజన్ రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తాయి. భూమి ఎవరి సాగులో ఉందో చూపే అడంగల్ రాసే రెవెన్యూ శాఖే ఆ అడంగల్ నిజమో కాదో తేలుస్తోంది.

ఒక రెవెన్యూ కార్యాలయం వరండాలో సవర తెగకు చెందిన ఒక గిరిజన పెద్దాయన నోటీసును ప్లాస్టిక్ కవర్లో మడిచి పట్టుకుని కూర్చోవడం చూశాను. నోటీసు తెలుగులో ఉంది, ఆయన మాట సవర. అందులో ఏముందో ఆయనకు విడమరిచి చెప్పింది ఆ ఊరి రెవెన్యూ ఉద్యోగే. కేసు నడుస్తున్నది ఆ ఉద్యోగి నమోదు మీదే. లోపల విచారణాధికారి ఎన్నికల పనిలో ఉన్నారని సాయంత్రానికి చెప్పి పంపేశారు.

అంతమాత్రాన ఈ కేసులన్నిటినీ సివిల్ కోర్టుకు తోసేయాలనడం తొందరపాటు. గిరిజనేతరుడి చేతిలోని భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని, కాదని రుజువు చేసే భారం అనుభవిస్తున్నవాడిదేనని ఈ చట్టం భావిస్తుంది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ రక్షణను కోర్టు ఫీజుకో, సాక్ష్యచట్టపు చిక్కులకో బలిపెట్టకూడదు. మార్చవలసింది విచారించే వ్యక్తిని. 226వ అధికరణం కింద నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్ వేసే దారి ఉంది, నిజమే. కానీ పార్వతీపురం నుంచి అమరావతి హైకోర్టు 400 కిలోమీటర్ల పైమాటే, అదీగాక రిట్‌లో సాక్షులను మళ్లీ విచారించడం అరుదు. కింద రాసిన వాస్తవాలే చివరిదాకా వెంటాడతాయి.

2008 నాటి గ్రామ న్యాయాలయాల చట్టంలో ఒక నమూనా కనిపిస్తుంది. అక్కడి న్యాయాధికారిని హైకోర్టును సంప్రదించే నియమించాలి, ఆయన ఊళ్లకు వెళ్లి కేసులు వినవచ్చు, సాక్ష్యచట్టానికి కట్టుబడనక్కరలేదు. అటువంటి న్యాయాధికారికి భూమి కేసులు అప్పగించడానికి పార్లమెంటు దాకా పోనక్కరలేదు. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో నిబంధన (రెగ్యులేషన్) తెచ్చే అధికారం ఐదో షెడ్యూలు కింద గవర్నరుకే ఉంది.