పర్లాకిమిడి ఊనో: గ్రాంథికమా, వ్యావహారికమా?

దేశంలో తేలని సమస్యలు చాలానే ఉన్నాయి. ఈ వేసవి సెలవుల్లో మా ఇంట్లో లేచినదాన్నీ వాటిలో కలుపుకోవాలి: ఊనో ముక్కలాటలో ప్లస్ ఐదు మీద ప్లస్ ఐదు వేయొచ్చా, వేయకూడదా? నాలుగు రోజులుగా మా మేనత్తకూ నా మేనల్లుడికీ ఆట మధ్యలో తప్ప మాటల్లేవు. మధ్యవర్తినని కూర్చున్న పాపానికి నాకు రెండు పూటలు టీ అందలేదు.

వాడు విశాఖ నుంచి తెచ్చింది ఊనో ఫ్లిప్. చేతిలో ముక్కలన్నీ ముందు వదిలించుకున్నవాళ్లు గెలిచే మామూలు ఊనో మా వీధి గుంటలందరికీ వచ్చు. ఇది వేరు. 112 ముక్కలు, ప్రతి ముక్కకీ రెండు ముఖాలు. వెలుగు వైపు మర్యాదస్తుల పేట. ప్లస్ ఒకటి వేస్తే పక్కవాడు ఒక్క ముక్క తీసుకుని నోరు మూసుకుంటాడు. ఎవరో ఫ్లిప్ ముక్క వేస్తారు. అంతే, కట్ట తిరగబడుతుంది, చేతిలో ముక్కలూ తిప్పి పట్టుకోవాలి. ఇక చీకటి వైపు ప్లస్ ఒకటి లేదు, ప్లస్ ఐదే. అది చాలదన్నట్టు ఇంకో ముక్క ఉంది: అడిగిన రంగు వచ్చేదాకా కట్టలోంచి తీస్తూనే ఉండాలి. సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు.

అసలు చిక్కు అది కాదు. మన ముక్కల వెనకవైపు ఎదుటివాళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. జీవితమంతా రమ్మీ ముక్కల్ని కొంగుచాటున పెట్టి ఆడిన మా అత్తకి ప్రాణం పోయినంత పనైంది. "ఏట్రా ఇది? ఎనకాలంతా అవుపడిపోతే ఇంక ఆటేటి?" అంది. రెండో రోజుకి మా అందరి వెనకవైపులూ ఆవిడకి కంఠస్థం. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటే అని 1968లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో చెప్పింది. అత్తని చూస్తే ఆ తీర్పు మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక గొడవకి వద్దాం. మేనల్లుడు ప్లస్ ఐదు వేశాడు. అత్త దాని మీద తన ప్లస్ ఐదు పడేసి, నా వైపు చూసి, "పది తియ్యి" అంది. వాడు డబ్బాలోంచి రూల్స్ చీటీ తీశాడు. అలా పేర్చడం చెల్లదట. మామూలు ఊనోలోనూ ప్లస్ నాలుగు మీద ప్లస్ రెండు వేసి ఆరు చేయడం కుదరదని 2019లో కంపెనీవాళ్లే ట్విట్టర్లో చెప్పారట. అత్తకి ట్విట్టర్ లేదు. "మనింట్లో మనాట," అంది.

ఇక్కడ నేను గిడుగు రామమూర్తి గారిని సాక్షిగా పిలుస్తున్నాను. పుస్తకంలో ఒక తెలుగు, నోట్లో ఒక తెలుగు ఎందుకని పండితులతో ఆయన తగువు పెట్టుకున్నది ఈ ఊళ్లో ఉన్నప్పుడే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే మనసొప్పక రాజమండ్రి వెళ్లిపోయారు గానీ, తగువుని ఇక్కడే వదిలిపోయారని నా అనుమానం. ఆ లెక్కన చీటీ గ్రాంథికం, అత్త వ్యావహారికం. ఇంటర్ పాసైన మా పండితుడేమో చీటీని బాలవ్యాకరణంలా గుండెకి హత్తుకున్నాడు.

ఊనో పుట్టుక మాత్రం ఏమంత శుద్ధం? అమెరికాలో ఒహాయోలో క్షౌరశాల నడుపుకునే మెర్ల్ రాబిన్స్, క్రేజీ ఎయిట్స్ అనే పేకాట రూల్స్ దగ్గర కొడుకుతో వాదన పడి 1971లో ఈ ఆట కట్టాడు. అంటే ఇంటి తగువే దీని కన్నతల్లి. అటువంటి ఆటకి మా ఇంటి తగువు మైల ఎలా అవుతుందో చీటీ రాసినవాళ్లు చెప్పాలి.

ఇది తేలకముందే భాషా సమస్య వచ్చిపడింది. పక్కింటి ఒడియా పాప ఒక్క ముక్క మిగలగానే "గోటే!" అని అరిచింది. ఊనో అనలేదు కాబట్టి జరిమానా రెండు ముక్కలన్నాడు వీడు. ఊనో అంటే స్పానిష్‌లో ఒకటి అని మొదటిరోజు మాకు పాఠం చెప్పింది వీడే. స్పానిష్ ఒకటి చెల్లి, గోడ అవతలి ఒకటి చెల్లకపోవడమేమిటి? "గుంట ఉన్నమాటే సెప్పింది కదరా," అని అత్త తీర్పిచ్చింది. ప్రస్తుతం మా ఇంట్లో ఊనో, ఒకటి, గోటే మూడూ చెల్లుతాయి. ఏక్ సంగతి పరిశీలనలో ఉంది.

నిన్న రాత్రి కరెంటు పోయింది. ఆట కూడా అప్పుడు చీకటి వైపే ఉంది. పాప రంగు ముక్క వేసి అత్తని ఊదా అడిగింది. ఎమర్జెన్సీ లైటులో ఊదాకీ గులాబీకీ తేడా తెలియక అత్త తీస్తూనే ఉంది. ఇరవై దాటాక మేనల్లుడికే జాలేసి, "మామ్మా, చాల్లే, ఆపీ," అన్నాడు.

"ఉండ్రా," అంది అత్త, ముక్కలు సర్దుకుంటూ. "ఇప్పుడిప్పుడే సీక్వెన్సు కుదురుతోంది."