సవరణ: మాలినిన్‌ను 2022లో ఆపింది వయసు కాదు

అమెరికా కుర్ర ఫిగర్ స్కేటర్ల (మంచుపై జంప్‌లు, విన్యాసాలు చేసే ఆటగాళ్ల) భవిష్యత్తు గురించి రాసిన పోస్టులో, ఇలియా మాలినిన్ వయసు చాలక 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కి వెళ్లలేకపోయాడని రాశాను. అది తప్పు. అప్పటి అంతర్జాతీయ నిబంధన ప్రకారం కనీస వయసు 15. అతనికి అప్పటికే 17 నిండాయి.

ఆ జనవరిలో నాష్‌విల్‌లో జరిగిన జాతీయ పోటీల్లో అతను నేథన్ చెన్ తర్వాత రెండో స్థానంలో నిలిచాడు. అయినా జట్టులోకి చెన్, విన్సెంట్ జౌ, జేసన్ బ్రౌన్‌లను తీసుకున్నారు. అమెరికా సమాఖ్య ఎంపిక పద్ధతిలో ఆ ఒక్క పోటీ మాత్రమే కాదు, అంతకుముందు అంతర్జాతీయ పోటీల్లో వచ్చిన ఫలితాలూ లెక్కలోకి వస్తాయి. మాలినిన్ అప్పటిదాకా ఎక్కువగా జూనియర్ పోటీల్లోనే ఆడాడు. (ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, అది వేరే సంగతి.) అదే ఏడాది ఏప్రిల్‌లో జూనియర్ ప్రపంచ టైటిల్, సెప్టెంబర్‌లో లేక్ ప్లాసిడ్‌లో పోటీల చరిత్రలోనే మొదటి క్వాడ్ ఆక్సెల్ (గాలిలో నాలుగున్నర చుట్లు తిరిగే జంప్) అతనివే.

నేను పొరపాటున దీనితో కలిపేసిన వయసు నిబంధన ఆ తర్వాత వచ్చింది. 2022 జూన్‌లో ఆమోదించి, దశలవారీగా పెంచి, 2024-25 సీజన్ నుంచి సీనియర్లకు కనీస వయసు 17 చేశారు. సీజన్ మొదలయ్యే జూలై 1కి ముందే 17 నిండాలి. ఆగస్టులో పుట్టినవాడు ఇంకో ఏడాది ఆగాల్సిందే. ఇదే నిబంధన కొనసాగితే, 2030 ఒలింపిక్స్‌కి 2012 జూలైకి ముందు పుట్టినవాళ్లే అర్హులు.