మోటారు ఎందుకు కాలిందో కాయిల్సే చెబుతాయి

బోరు మోటారు కాలితే పల్లెల్లో అందరికీ తెలిసిన దారి ఒకటే. పైపులు లాగించి మోటారును వైండింగ్ షాపుకు చేర్చడం. అక్కడ పాత తీగ పీకేసి కొత్తది చుడతారు. పనితనానికి వంక పెట్టలేం. అదే సీజన్లో మళ్లీ కాలితే మాత్రం తీగ నాసిరకమంటారు, లేదా కరెంటును తిడతారు.

జవాబు ఆ పీకేసిన తీగలోనే ఉంటుంది. స్టార్ కనెక్షన్ (మూడు కాయిల్స్ కొసలు ఒకేచోట కలిసే) మోటారులో రెండు ఫేజుల కాయిల్స్ మాడి మూడోది నిగనిగలాడుతుంటే, నడుస్తుండగా ఒక ఫేజు, అంటే కరెంటు తెచ్చే మూడు లైన్లలో ఒకటి, పోయిందన్నమాట. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు చూడాలి. డెల్టా (కాయిల్స్ కొసకు కొస కలిసి త్రిభుజంలా ఉండే కనెక్షన్) అయితే లెక్క తిరగబడుతుంది: ఒకటి మాడి రెండు మిగులుతాయి. మూడూ సమంగా మాడితే లో వోల్టేజీ, ఎక్కువ లోడు, నీళ్లు అందకపోవడం... వీటిలో ఏదో ఒకటి.

స్టార్టర్లోని ఓవర్‌లోడ్ రిలే ఉంది కదా అంటారు. దానికి తెలిసింది కరెంటు పెరగడమే. నేమ్‌ప్లేటు మీద 8.5 ఆంపియర్లున్న 5 హెచ్‌పీ మోటారుకు ఒక ఫేజు పోతే మిగతా రెండింట్లో 14 దాటుతుంది. ఎంత దాటితే ఆపాలో చెప్పే డయల్ 8.5 దగ్గరుంటే రిలే పడిపోయి మోటారు ఆగుతుంది. 'ఊరికే ట్రిప్పవుతోంది' అని దాన్ని 14కు తిప్పేశాక ఇక కాపలా లేనట్టే. బోరు ఎండితే వ్యవహారం వేరు. పంపుకు లోడు తగ్గి కరెంటు దిగుతుంది. చుట్టూ పారే నీటితో చల్లబడాల్సిన మోటారు లోపల ఉడికిపోతుంటే రిలే కిక్కురుమనదు. కరెంటు తగ్గినప్పుడు ఆపే డ్రై రన్ ప్రివెంటర్ అక్కడ కావాలి.

లైను నుంచి లాగే కరెంటును తగ్గించే కెపాసిటర్ సంగతీ అంతే. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ సైజుది పెట్టడం మంచిదే. కానీ రిలే దాటాక, మోటారు వైపు కలిపితే రిలే గుండా పోయే కరెంటు తగ్గుతుంది, వైండింగ్‌లో పారేది తగ్గదు. పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో పనికొచ్చే వంతు) 0.8 అనుకుంటే రిలేకు కనిపించే 8.5 కాస్తా 7.2 అవుతుంది. డయల్‌నూ అక్కడికి దించాలి. కెపాసిటర్ బిగించినవాళ్లు డయల్ వంక చూడటం అరుదు.

ఇక కరెంటు రాగానే మోటారును తనంతట తానే నడిపించే ఆటో స్టార్టర్లు. రాత్రిపూట కరెంటు కోసం పొలానికి పరుగెత్తే బాధ తప్పించిన పెట్టె అది, రైతును తప్పుపట్టలేం. అయితే కరెంటు రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ కలిసి లేస్తాయి, ఒక్కోటి మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. వోల్టేజీ 415 నుంచి 330కి కుంగితే తిప్పే బలం 63 శాతానికి పడిపోతుంది. స్పీడు అందుకోలేక మూలుగుతున్నంతసేపూ వైండింగ్ వేడెక్కుతూనే ఉంటుంది.

కొత్త వైండింగ్ మోటారు బోరులో దించాక, నీళ్లు పోస్తుండగా మూడు తీగలకూ టంగ్ టెస్టర్ (తీగ తెంచకుండా కరెంటు కొలిచే పరికరం) తగిలించి, ఆ మూడు అంకెలనూ వోల్టేజీతో సహా స్టార్టర్ మూత లోపల రాసిపెట్టాలి. ఈసారి రిలే పడ్డప్పుడు డయల్ మీద చెయ్యి వేసేముందు చూడాల్సింది అక్కడే.